హౌరా లాంచీ రేవు: ఎప్పుడు ఎక్కాలి, ఎక్కడ నిలబడాలి, ఏం చూడాలి

పలాసలోనో శ్రీకాకుళం రోడ్డులోనో విజయనగరంలోనో బండెక్కి హౌరాలో దిగే మనవాళ్లలో చాలామంది సామాను పట్టుకుని నేరుగా టాక్సీల వైపు నడుస్తారు. కాసేపటికి హౌరా వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని కూర్చుంటారు. స్టేషన్ ముందు రోడ్డు దాటితే హుగ్లీ నది, ఒడ్డునే లాంచీ రేవు. అక్కడ ఎక్కితే పది నిమిషాల్లోపు కలకత్తా ఒడ్డున దిగవచ్చు. ఊరు చూడటానికి వెళ్లేవాళ్లు ఆ పూటంతా ఈ రేవుకే కేటాయించినా నష్టం లేదు.

ఈ దాటుడు రైలంత పాతది. 1854 ఆగస్టు 15న ఈస్టిండియన్ రైల్వే హౌరా నుంచి హుగ్లీ ఊరికి మొదటి బండి నడిపినప్పుడు నది మీద వంతెన లేదు. కలకత్తా వైపున్న ఆర్మీనియన్ ఘాట్‌లో టికెట్టు కొనుక్కుని, రైల్వేవారి స్టీమరులో నది దాటి, ఇవతల బండెక్కేవారు. 1874లో తేలే వంతెన కట్టారు. ఇప్పుడున్న ఉక్కు వంతెన 1943 ఫిబ్రవరి 3న తెరిచారు. 2024 మార్చిలో నది అడుగునుంచి మెట్రో కూడా నడిచింది. ఇన్ని వచ్చినా లాంచీలు ఆగలేదు. పొద్దున్న ఆఫీసు వేళకు హౌరా రేవులో నిలబడి చూస్తే ఎందుకు ఆగలేదో తెలుస్తుంది. లోకల్ రైళ్లు దింపిన జనం నేరుగా జెట్టీ మీదికి నడిచి వెళ్లిపోతుంటారు.

అవతలి ఒడ్డుకు చేర్చే బండిగా మాత్రమే చూస్తే ఈ లాంచీలో చూడదగ్గది సగం చేజారుతుంది. ఇక్కడి నీళ్లు రోజుకు రెండుసార్లు మనిషి ఎత్తుకు మించి లేస్తాయి, పడతాయి. రేవు కట్టిన తీరు, లాంచీ మలుపు తిరిగే తీరు, మీ ఇంట్లో పెద్దవాళ్లను ఏ వేళకు తీసుకెళ్లాలన్న సంగతి, అన్నిటికీ మూలం ఆ పోటే. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

పంచాంగం చూసుకుని బయల్దేరండి

నది దారిన కొలిస్తే కలకత్తా సముద్రానికి 200 కిలోమీటర్ల పైచిలుకు లోపల ఉంది. అయినా పోటు అంత దూరమూ వస్తుంది. హుగ్లీ సముద్రం దగ్గర బాగా వెడల్పుగా ఉండి, పైకి వచ్చేకొద్దీ సన్నబడుతుంది. లోపలికి తోసుకొచ్చిన నీటికి పక్కలకు పోయే దారి ఉండదు కాబట్టి మట్టం పెరుగుతుంది. పెద్ద పోటు రోజుల్లో కలకత్తా దగ్గర ఈ తేడా నాలుగు మీటర్ల దాకా ఉంటుంది. కళింగపట్నం దగ్గర వంశధార మొగలో పోటు చూసినవాళ్లకు కూడా ఇది కొత్తగానే ఉంటుంది. ఎందుకంటే పోటు వేళ ఇక్కడ నది మొత్తం వెనక్కి, ఉత్తరానికి పారుతుంది.

అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు పోటు పెద్దది, నీళ్లు దిగిపోయే పాటు లోతైనది. అష్టమి దాటిన రోజుల్లో రెండూ చిన్నవి. ఒక నిండు పోటుకీ తర్వాతి నిండు పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అంటే ఇవాళ పొద్దున్న 8 గంటలకు నిండు పోటయితే రేపు ఇంచుమించు 8.50కి వస్తుంది. ఒక్క రోజు వేళ తెలుసుకుంటే తక్కిన రోజులవి మీరే లెక్క కట్టుకోవచ్చు. టికెట్టు కిటికీ దగ్గర అడిగినా, జెట్టీ మీద తాళ్లు పట్టే కళాసీలను అడిగినా ఆ రోజు వేళ ఇట్టే చెబుతారు. వాళ్ల పనంతా దాని మీదే నడుస్తుంది.

ముసలివాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, చంటిపిల్లలతో వెళ్లేవాళ్లు నిండు పోటుకు గంట ముందు నుంచి గంట తర్వాత వరకు ఉన్న వేళ ఎంచుకోవాలి. అప్పుడు ఒడ్డు నుంచి జెట్టీకి దిగే వంతెన దాదాపు చదునుగా ఉంటుంది. పెద్ద పాటు వేళ అదే వంతెన నిటారుగా వాలిపోతుంది. వాన పడిందంటే కాలు జారకుండా దిగడం కుర్రాళ్లకే కష్టం.

ఇంకొక్క విషయం జాగ్రత్తగా గుర్తు పెట్టుకోండి. పెద్ద పోటు రోజుల్లో కొన్నిసార్లు పోటు మెల్లగా రాదు. నదికి అడ్డంగా కెరటమై పరుగెత్తుకొస్తుంది. అక్కడివాళ్లు దాన్ని బాన్ అంటారు. అది వచ్చే వేళ ముందే తెలుస్తుంది, ప్రకటిస్తారు. ఆ కాసేపు లాంచీలు ఆపేస్తారు, చిన్న పడవలు ఒడ్డు విడిచి నది మధ్యకు వెళ్లిపోతాయి. ఎందుకంటే కెరటం లోతులేని ఒడ్డు దగ్గరే విరిగి పడుతుంది. అలాంటప్పుడు స్నానఘట్టాల కింది మెట్ల మీద కూర్చోవడం, ఫొటో కోసం నీళ్ల అంచుకు దిగడం ప్రాణాపాయం. 2017 ఏప్రిల్ 26న ఎగువన భద్రేశ్వర్ దగ్గర తెలినీపాడా రేవులో వెదురుతో కట్టిన తాత్కాలిక జెట్టీ పోటు కెరటానికి కూలి, లాంచీ కోసం నిలబడ్డ జనం నీళ్లలో పడిపోయారు. పలువురు చనిపోయారు. ఉక్కు జెట్టీ లేని చిన్న రేవుల్లో జనం కిక్కిరిసి ఉంటే ఎక్కకండి, తర్వాతి లాంచీకి వెళ్లండి.

చైత్ర వైశాఖాల్లో సాయంత్రం పూట వచ్చే కాలబైశాఖి గాలివానలకు, పుష్యమాసపు తెల్లవారుజాము మంచుకు కూడా లాంచీలు ఆగుతాయి. ఈ రెండు కాలాల్లో తిరుగు రైలుకు లాంచీనే నమ్ముకోకూడదు.

స్టేషన్ నుంచి జెట్టీ దాకా

ముందు మీ టికెట్టు మీద చివరి స్టేషన్ ఏమని ఉందో చూడండి. మన వైపు నుంచి వెళ్లే బండ్లన్నీ హౌరాలో ఆగవు. కొన్ని షాలిమార్‌లో, కొన్ని సంత్రాగాచిలో ఆగిపోతాయి. సంత్రాగాచి నుంచి హౌరాకు లోకల్ రైళ్లున్నాయి. షాలిమార్ నుంచయితే బస్సో టాక్సీయో తప్పదు.

హౌరాలో మన బండ్లు ఎక్కువగా కొత్త భవనం వైపు ప్లాట్‌ఫారాల మీదికి వస్తాయి. సామాను క్లోక్‌రూంలో పడేయండి. అక్కడ తాళం వేసిన పెట్టెలే తీసుకుంటారు, రైలు టికెట్టు చూపించమంటారు. కాబట్టి చిన్న తాళం ఒకటి ఇంటి దగ్గరే సర్దుకోండి. పెద్ద సూట్‌కేసుతో లాంచీ ఎక్కొద్దు. ఎక్కేటప్పుడు ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి.

బయటికి వచ్చాక నది ఎదురుగానే ఉంటుంది. రోడ్డు మీద బస్సులు, మినీ బస్సులు అడ్డదిడ్డంగా తిరుగుతుంటాయి కాబట్టి కింది నడకదారి పట్టుకోండి. "ఫెరీ ఘాట్ కోన్ దికే?" అంటే ఎవరైనా చెయ్యి చూపిస్తారు. హిందీలో అడిగినా ఇబ్బంది లేదు.

టికెట్టు కిటికీల దగ్గర ఏ కిటికీ ఏ రేవుకో పైన రాసి ఉంటుంది. కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. ముందు కనిపించిన వరుసలో నిలబడి, తీరా కిటికీ దగ్గరికి వెళ్లాక వేరే రేవు టికెట్టని తెలుస్తుంది. ఫేర్లీ, బాబూఘాట్, ఆర్మీనియన్ ఘాట్, అహీరీటోలా, శోభాబజార్, బాగ్‌బజార్ పేర్లు వినిపిస్తాయి. ఆ రోజు ఏవి నడుస్తున్నాయో బోర్డు చూసి నిర్ధారించుకోండి. ఛార్జీ చాలా తక్కువ. చిల్లర, చిన్న నోట్లు దగ్గర పెట్టుకోండి. ఆఫీసు వేళ ఐదువందల నోటు తీస్తే వెనకున్నవాళ్లు ఊరుకోరు. టికెట్టు అవతలి గట్టు మీదికి చేరేదాకా పారేయొద్దు.

వేళ మాట కూడా చెప్పుకోవాలి. పనిదినాల్లో పొద్దున్న 9 నుంచి 11 దాకా హౌరా నుంచి ఫేర్లీ వైపు, సాయంత్రం 5 నుంచి 7 దాకా అటునుంచి ఇటు జనం విరగబడి ఉంటారు. ఆ వేళ చూడటానికి వెళ్లినవాళ్లకు నిలబడేందుకు కూడా చోటు దొరకదు, పనికి వెళ్లేవాళ్లకు అడ్డం కూడా. 11 తర్వాత 3 లోపు హాయిగా ఉంటుంది. ఆదివారం జనం తక్కువే గానీ లాంచీలూ తక్కువే.

జెట్టీ మీద ఆగి చూడాల్సినవి

టికెట్టు చేతిలోకి రాగానే పరుగెత్తకండి. ఒక లాంచీని వదిలేసి జెట్టీ పక్కన నిలబడి చూడండి.

మీరు నిలబడేది నేల మీద కాదు, తేలే ఉక్కు పెట్టె మీద. దాన్ని పాంటూన్ అంటారు. లోపల గాలి, కింద నుంచి నది అడుగుకు గొలుసులు, లంగర్లు. నీళ్లు లేస్తే ఇదీ లేస్తుంది, పడితే ఇదీ పడుతుంది. లాంచీ కూడా తేలేదే కాబట్టి రెండింటి అంచులూ ఎప్పుడూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటాయి. పొద్దున్నయినా, మధ్యాహ్నమయినా, ఎంత పోటయినా, ఎంత పాటయినా ఎక్కేవాడు వేసే అడుగు ఒకటే. ఒడ్డున రాతి మెట్లు మాత్రమే ఉంటే పాటు వేళ బురదలో దిగాలి.

ఒడ్డుకూ పాంటూన్‌కూ మధ్యనున్న ఉక్కు వంతెనను గమనించండి. ఒడ్డు వైపు చివర మడతబందు ఉంటుంది. నీటి వైపు చివర పాంటూన్ మీద ఆని, కదలడానికి వీలుగా ఉంటుంది. పాంటూన్ కిందికి దిగినప్పుడు వంతెన వాలు పెరిగి, దాని కొన ఒడ్డు వైపు జరుగుతుంది. పైకి లేచినప్పుడు ముందుకు జరుగుతుంది. ఆ జరిగిన గుర్తులు ఇనుప రేకు మీద రుద్దుకుని మెరుస్తూ కనిపిస్తాయి. ఆ మెరిసే మేర ఎంత పొడవుందో చూస్తే పోటు తేడా ఎంతో కళ్లకు కడుతుంది. అక్కడే జాగ్రత్త కూడా. వంతెన కొసకూ పాంటూన్‌కూ మధ్య ఉన్న రేకు అంచులో చెప్పు ఇరుక్కుంటుంది. పిల్లల వేళ్లు అక్కడ పెట్టనివ్వకండి.

నీరు ఎటు పారుతోందో తెలుసుకోవడానికి నది మీద తేలుతున్న గుర్రపుడెక్క గుత్తులను చూడండి, బంతిపూల దండలనయినా చూడండి. అవి వంతెన వైపు, అంటే ఉత్తరానికి పోతుంటే పోటు. దక్షిణానికి పోతుంటే పాటు. కదలకుండా ఉన్నచోటే తిరుగుతుంటే నీరు మళ్లే వేళ. ఈ ఒక్కటి తెలిస్తే వచ్చే లాంచీ ఎటు తిరిగి రేవు పడుతుందో ముందే చెప్పగలరు.

రేవు పట్టే ఆ నిమిషం

లాంచీ నడిపే సరంగు ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా మూతి పెట్టి రేవుకు వస్తాడు. పాటు వేళ అయితే ఉత్తరానికి, పోటు వేళ అయితే దక్షిణానికి. నీటి వెంట వస్తే లాంచీ ఆగదు. చుక్కాని పట్టాలంటే చుక్కాని మీదుగా నీరు పారుతూ ఉండాలి. నీటికి ఎదురు నిలిస్తే నేలతో పోల్చి చూసినప్పుడు లాంచీ ఆగినట్టే ఉన్నా, చుక్కాని పక్కన నీరు పారుతూనే ఉంటుంది కాబట్టి పట్టు పోదు. అందుకే కొన్నిసార్లు లాంచీ జెట్టీని దాటిపోయి, నది మధ్యలో పెద్ద వంపు తిరిగి, వెనక్కి వస్తుంది. కొత్తవాళ్లు రేవు తప్పిపోయిందనుకుంటారు. సరంగు చేస్తున్నది సరైన పనే.

ఇక కళాసీ చేతులు చూడండి. మూతి జెట్టీకి ఒకటి రెండు మీటర్ల దూరంలోకి రాగానే తాడు ఉచ్చును పాంటూన్ మీది ఇనుప గుంజకు విసురుతాడు. రెండో కొసను లాంచీ మీదున్న జంట గుంజలకు ఎనిమిది అంకె ఆకారంలో రెండు మూడు చుట్లు తిప్పుతాడు. గట్టిగా ముడి వేయడు. లాంచీ బరువు తాడు మీద పడేసరికి కాస్త కాస్తగా జారనిస్తాడు. తాడు గుంజల మీద కిర్రుమంటుంది, నీళ్లు చిమ్ముతుంది. ఒక్కసారిగా బిగించేస్తే తాడు తెగుతుంది, తెగిన తాడు కొరడాలా వెనక్కి కొడుతుంది. తాడు నిలిచాక సరంగు ఇంజిన్‌ను మెల్లగా ముందుకు నడిపిస్తాడు. తాడు ముందుకు పోనివ్వదు కాబట్టి ఆ తోపు లాంచీ పక్క భాగాన్ని జెట్టీకి ఆనించి పెడుతుంది. జనం దిగి ఎక్కే ఆ కాస్త సేపూ అలాగే పట్టి ఉంచుతాడు. మధ్యలో పాత టైర్లు నలిగి శబ్దం చేస్తాయి. ఒకే ఒక్క తాడుతో ఇంత జనాన్ని దించి ఎక్కించడం వెనుక ఉన్న పనితనం ఇది. కలకత్తాలో చూడాల్సినవాటి పట్టికలో దీన్ని ఎవరూ రాయరు గానీ, ముందు రాయదగ్గది ఇదే.

కొన్ని పాత లాంచీల్లో చుక్కాని చక్రం పైన, ఇంజిన్ డ్రైవరు కింద ఉంటారు. ఇద్దరికీ మధ్య మాట గంటతోనే. సరంగు తాడు లాగితే కింద గంట మోగుతుంది, దాన్నిబట్టి డ్రైవరు వేగం మారుస్తాడు. ఇంజిన్‌కు దగ్గర్లో కూర్చుంటే గంటకూ వేగానికీ ఉన్న సంబంధం రెండు మూడు రేవుల్లోనే పట్టుబడుతుంది. ఇంజిన్ గుంటలోకి వంగకండి, చీర కొంగు, చున్నీ దోపుకోండి.

ఎక్కేటప్పుడు పాటించాల్సినవి కొద్దే. దిగేవాళ్లంతా దిగాకే ఎక్కండి. తాడు గట్టి పడేదాకా అంచుకు రావొద్దు. తాడు మెలికలో కాలు పెట్టొద్దు, సాగిన తాడుకు ఎదురుగా నిలబడొద్దు. లాంచీకీ జెట్టీకీ మధ్య చెయ్యి పెట్టి ఆపబోవద్దు, దాని బరువు టన్నుల్లో ఉంటుంది. దూకొద్దు, పెద్ద అడుగు చాలు. ఎక్కగానే గుమ్మం దగ్గర ఆగిపోకుండా లోపలికి నడవండి. లైఫ్‌జాకెట్లు ఎక్కడ వేలాడుతున్నాయో ముందు చూసుకుని తర్వాత ఫోను తీయండి.

ఏ దారిలో వెళ్లాలి

ఫేర్లీకి దాటితే అది పనిమీద వెళ్లేవాళ్ల దారి, చూడగానే అయిపోతుంది. చూడటానికి వెళ్లేవాళ్లకు పొడుగు దారులు మేలు. హౌరా రేవు వంతెనకు దక్షిణాన ఉంది కాబట్టి ఉత్తరానికి వెళ్లే లాంచీ వంతెన కిందుగా పోతుంది. బాబూఘాట్ లాంచీ వంతెనకు దూరంగా, దక్షిణానికి పోతుంది.

ముందు ఉత్తర దారి. బాగ్‌బజార్ లేదా శోభాబజార్ టికెట్టు తీసుకుని, లాంచీలో పైన కప్పు లేని చోట, లేదంటే ముందు భాగంలో నిలబడండి. వంతెన కింద తల ఎత్తి చూడండి. రెండు ఒడ్డుల మీది స్తంభాలకు మధ్య 457 మీటర్లు, నదిలో ఒక్క కాలు కూడా లేదు. 1874 నాటి తేలే వంతెనకు ఓడలు పోవాల్సినప్పుడల్లా నడిమి భాగం విప్పి దారి ఇచ్చేవారు, అంతసేపూ బండ్లు ఆగిపోయేవి. ఆ తిప్పలు పడ్డవాళ్లు నదిలో కాలు మోపని వంతెన ఎందుకు కోరుకున్నారో కింద నుంచి చూస్తేనే తెలుస్తుంది. 26,500 టన్నుల ఉక్కు, అందులో చాలా భాగం టాటావారిది. నట్లు, బోల్టులు లేవు, అంతా రివెట్లే. ఆ గుండ్రటి తలలు వరుసలు వరుసలుగా లాంచీ నుంచే కనిపిస్తాయి. వంతెన మీద ఆగి ఫొటోలు తీస్తే పోలీసులు వద్దనవచ్చు, నది మీద నుంచి చూపే బాగుంటుంది.

వంతెన దాటాక ఎడమ ఒడ్డున, అంటే హౌరా వైపు, గోదాములు, మిల్లు పొగగొట్టాలు వస్తాయి. నెల్లిమర్ల, రాజాం జూట్ మిల్లులు తెలిసినవాళ్లకు ఆ పెంకుటి కప్పుల వరుసలు ఏమిటో చెప్పనక్కర్లేదు. హుగ్లీ ఒడ్డు జనపనార మిల్లుల్లో పనికి మన ప్రాంతం నుంచి తరాల కిందటే జనం వెళ్లారు. కుడి ఒడ్డున నీమ్‌తలా శ్మశానం, స్నానఘట్టాలు. శోభాబజార్‌లో దిగితే కొద్ది నడకలో కుమోర్‌టులీ, మట్టి ప్రతిమలు చేసేవారి వీధులు. ఎండుగడ్డి కట్టి, పైన మట్టి పూసి చేస్తారు. దసరాకు ముందు రెండు నెలలు అక్కడ పని జోరుగా ఉంటుంది. పని చేసేవాళ్లను అడిగి ఫొటో తీయండి. మళ్లీ శోభాబజార్‌లోనో అహీరీటోలాలోనో లాంచీ ఎక్కి హౌరాకు రావచ్చు.

మధ్యాహ్నం తర్వాత దక్షిణ దారి. హౌరా నుంచి బాబూఘాట్ లాంచీలో ఎడమ వైపు కూర్చోండి, కలకత్తా ఒడ్డు అంతా వరుసగా వస్తుంది. పడమటి ఎండ ఆ ఒడ్డు మీద పడుతుంది కాబట్టి కట్టడాలు బాగా కనిపిస్తాయి. పొద్దున్న వేళ అయితే తూర్పు ఎండకు కలకత్తా ఒడ్డు నల్లగా కనబడుతుంది, హౌరా స్టేషన్ ఎర్ర ఇటుక భవనం మాత్రం వెలుగుతుంది. స్టేషన్ ఫొటో కావాలంటే పొద్దున్నే కలకత్తా నుంచి హౌరాకు వచ్చే లాంచీలో ఉండాలి.

ఆర్మీనియన్ ఘాట్ వంతెనకు కాస్త దిగువనే. 1734లో మాన్వెల్ హజార్ మాలియన్ అనే ఆర్మీనియన్ వర్తకుడు కట్టించాడు. పక్కనే మల్లిక్ ఘాట్ పూల బజారు. తర్వాత ఫేర్లీ. దిగువన చాంద్‌పాల్ ఘాట్, పెద్ద స్తంభాల మండపంతో బాబూఘాట్. అది 1830లో రాణీ రాస్మణి భర్త రాజచంద్ర దాస్ పేరున కట్టించినది. ఇక్కడ దిగి నది వెంట దక్షిణానికి నడవండి. ఔట్రాం ఘాట్ వస్తుంది. ఒకప్పుడు రంగూన్ వెళ్లే ఓడలు ఎక్కిన రేవు ఇది.

మన శ్రీకాకుళం వైపువాళ్లు ఇక్కడ కాసేపు ఆగడం న్యాయం. రంగూన్ వలస కబుర్లు లేని పాత కుటుంబం మన తీరంలో అరుదు. కానీ మన రేవుల్లో ఇలాంటి జెట్టీలు లేవు. కళింగపట్నంలో, బారువలో స్టీమర్లు దూరంగా సముద్రంలో లంగరు వేసుకుని నిలబడేవి. మనుషుల్ని, మూటల్ని మసూలా పడవల్లో అలల మీదుగా తీసుకెళ్లేవారు. వాటి పలకలను మేకులు కొట్టకుండా కొబ్బరి తాడుతో కుట్టేవారు, కెరటం ఎత్తి పడేసినా పలక వంగుతుందే తప్ప పగలదు. 1917లో నిప్పంటుకుని బారువ తీరంలో మునిగిన చిల్కా స్టీమరు శిథిలం ఇప్పటికీ అక్కడ నీటి అడుగునే ఉంది. కలకత్తాకు నదీ, తేలే జెట్టీ ఉన్నాయి. మనకు ఎదురుగా పగిలే కెరటం, కుట్టిన పడవ. ఔట్రాం ఘాట్ చూసివచ్చిన తర్వాత బారువ లైట్‌హౌస్ దగ్గరికి వెళ్లి సముద్రం చూస్తే, ఆ పాత ప్రయాణికులు ఓడ ఎక్కడానికే ఎంత సాహసం చేశారో అర్థమవుతుంది.

ఇంకా దిగువకు నడిస్తే ప్రిన్సెప్ ఘాట్, విద్యాసాగర్ సేతువు. జేమ్స్ ప్రిన్సెప్ అశోకుడి బ్రాహ్మీ లిపిని చదివిన మనిషి. కళింగ యుద్ధం తర్వాత అశోకుడు ధౌళిలో రాతి మీద చెక్కించిన మాటలు మనకు అర్థమయ్యాయంటే ఆయన చలవే. ఆయన పేరున కట్టిన ఆ ఘాట్ మండపం ముందు కళింగ నేల నుంచి వెళ్లినవాళ్లు ఒక్క నిమిషం నిలబడాలి.

ప్రిన్సెప్ ఘాట్, బాబూఘాట్ల దగ్గర తెడ్డు పడవలవాళ్లు పిలుస్తారు. అవి లాంచీలు కావు, సొంత పడవలు. బేరం మనిషికా పడవకా, అరగంటకా గంటకా అన్నది ఎక్కకముందే తేల్చుకోండి. లైఫ్‌జాకెట్టు ఇవ్వకపోతే ఎక్కకండి. పెద్ద పోటు మొదలయ్యే వేళ అసలే వద్దు.

తిరుగు దారి

సాయంత్రం చివరి లాంచీ ఎన్నింటికో దిగగానే ఆ రేవు కిటికీలోనే అడిగి పెట్టుకోండి. దారిని బట్టి మారుతుంది, ఆదివారం ముందే ఆగిపోవచ్చు. బాబూఘాట్‌లో ఆగిపోతే చింత లేదు, హౌరాకు బస్సులు దండిగా ఉంటాయి. ప్రిన్సెప్ ఘాట్ నుంచి నది వెంట సర్క్యులర్ రైలు ఉంది గానీ బండికీ బండికీ చాలా ఎడం, వేళ చూసుకున్నాకే నమ్ముకోండి. మెట్రో కూడా చూడాలనుకుంటే ఫేర్లీకి దగ్గర్లోని మహాకరణ్ స్టేషన్‌లో ఎక్కండి. నది కింద 520 మీటర్ల సొరంగం సుమారు 45 సెకన్లలో దాటి హౌరాలో దిగుతారు. స్టేషన్ చాలా లోతున ఉంది, పైకి రావడానికి పట్టే సమయం కూడా లెక్కలో వేసుకోండి.

తిరుగు బండి షాలిమార్ నుంచో సంత్రాగాచి నుంచో అయితే హౌరా క్లోక్‌రూంలో సామాను పెట్టడం అనవసరపు తిరుగుడు. సామాను దిగిన స్టేషన్‌లోనో బసలోనో ఉంచి రేవుకు రండి. బండి వేళకు కనీసం రెండు గంటల ముందే నది ఒడ్డు విడిచి కదలండి. పెద్ద పోటు రోజయితే ఇంకో అరగంట కలుపుకోండి.